బార్ దరఖాస్తుకు ముందు అప్పుల చిట్టా ఎలా సరిచేసుకోవాలి

అమెరికాలో బార్ పరీక్ష పాసైనంత మాత్రాన లాయరు లైసెన్సు చేతికి రాదు. క్యారెక్టర్ అండ్ ఫిట్‌నెస్ పరిశీలన, అంటే మీ నడవడి లాయరు వృత్తికి తగినదా అని చూసే పరిశీలన కూడా దాటాలి. ఆ పరిశీలనను కొన్ని రాష్ట్రాలు సొంతంగా చేస్తాయి, మరికొన్ని బార్ పరీక్షలు తయారుచేసే సంస్థ నేషనల్ కాన్ఫరెన్స్ ఆఫ్ బార్ ఎగ్జామినర్స్‌తో చేయిస్తాయి. ఇందులో అప్పుల సంగతి ఎందుకు అడుగుతారంటే, రేపు క్లయింట్ల సొమ్ము ట్రస్టు ఖాతాలో మీ చేతి కింద ఉంటుంది.

అప్పు ఉండటం తప్పు కాదు, దాన్ని గాలికి వదిలేయడమే తప్పు. 2011లో ఒహాయో సుప్రీంకోర్టు ఒక అభ్యర్థిని తిరస్కరించింది. ఆయనకు విద్యారుణాలే సుమారు 1,70,000 డాలర్లు, క్రెడిట్ కార్డు బాకీలు అదనం. అంత అప్పు తీర్చడానికి ఆచరణలో నడిచే ప్రణాళిక ఏదీ ఆయన చూపలేకపోయారు.

అందుకే కనీసం ఏడాది ముందే పని మొదలుపెట్టండి. ఏడాది ఎందుకో విద్యారుణం చూస్తే తెలుస్తుంది. ఫెడరల్ రుణానికి 270 రోజులు వాయిదా కట్టకపోతే అది డిఫాల్టులోకి, అంటే ఎగవేత కిందికి పోతుంది. దాన్ని రిహాబిలిటేషన్ పద్ధతిలో బయటికి తేవాలంటే వరుసగా పది నెలల్లో తొమ్మిది వాయిదాలు సకాలంలో కట్టాలి. దరఖాస్తు గడువు ముంచుకొచ్చాక ఆ పది నెలలు ఎక్కణ్ణుంచీ రావు. ఇంకా డిఫాల్టు కాకపోతే, ఆదాయాన్ని బట్టి వాయిదా నిర్ణయించే పథకానికి ఇప్పుడే అర్జీ పెట్టుకోండి.

మీ అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి నుంచీ క్రెడిట్ రిపోర్టులు తెప్పించుకోండి. యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఒకటి చూసి ఊరుకోవద్దు, ఒకదాంట్లో లేని ఖాతా ఇంకోదాంట్లో ఉంటుంది. మీది కాని బాకీ కనిపిస్తే ఆ సంస్థకు రాతపూర్వకంగా డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. మామూలుగా 30 రోజుల్లో విచారించి తేల్చాలి. ‘చార్జ్ ఆఫ్’ అని ఉంటే బాకీ రద్దయిందనుకుని చాలామంది పొరబడతారు. అప్పిచ్చినవాళ్లు తమ పుస్తకాల్లో దాన్ని నష్టం కింద రాసుకున్నారంతే, బాకీ అలాగే ఉంది. తగ్గించి కట్టేలా రాజీ కుదిరితే, ముందు ఒప్పందం కాగితం మీదికి రావాలి, తర్వాతే డబ్బు పంపాలి. ఫోన్లో ఇచ్చిన మాటకు మీ దరఖాస్తు పరిశీలించే కమిటీ ముందు విలువ ఉండదు.

ఆదాయపు పన్ను రిటర్నులు వేయకపోవడం బాకీ కంటే పెద్ద తలనొప్పి. పన్ను కట్టే డబ్బు లేకపోయినా రిటర్ను వేసెయ్యండి, బాకీకి ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకోవచ్చు. పిల్లల పోషణ భత్యం బకాయి ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని చూడండి.

ఇక వివరణ రాయడం. ‘అనివార్య పరిస్థితుల వల్ల ఆలస్యమైంది’ అని రాస్తే చదివేవారికి అనుమానం పెరుగుతుంది. ఇలా రాయండి: ‘2022 మార్చిలో ఇల్లు మారాను. చివరి కరెంటు బిల్లు 212 డాలర్లు పాత చిరునామాకు వెళ్లింది. నవంబరులో కలెక్షన్ నోటీసు వచ్చాకే తెలిసింది. డిసెంబరు 4న పూర్తిగా కట్టాను, రసీదు జతచేశాను.’ తేదీ, అంకె, కారణం, ఇప్పటి స్థితి, రుజువు: ఇంతకు మించి అక్కర్లేదు. తప్పు మీదైతే మీదేనని రాసేయండి.

దాచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చిన్న బాకీ కమిటీకి పెద్ద విషయం కాదు, దాన్ని దాచారని తేలితే మాత్రం అబద్ధం కిందికే వస్తుంది. ప్రతికూల వివరాలు సాధారణంగా ఏడేళ్లకు, చాప్టర్ 7 దివాలా (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే రకం) పదేళ్లకు క్రెడిట్ రిపోర్టులోంచి పోతాయి. అయినా ప్రశ్నలో ‘ఎప్పుడైనా’ అని ఉంటే చెప్పాల్సిందే. దివాలా తీశారన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కానీ దానికి ముందు మీరు ఎలా నడుచుకున్నారో అడగవచ్చు.

లా స్కూలుకు పెట్టిన దరఖాస్తు నకలు తెప్పించుకుని పక్కన పెట్టుకుని నింపండి. అప్పుడు రాయని కేసో, ట్రాఫిక్ టికెట్టో ఇప్పుడు రాస్తే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టే. ముందు స్కూల్లో సవరణ పెట్టి, ఆ కాగితం ఇక్కడ జతచేయండి. దరఖాస్తు పంపాక కూడా కొత్త బాకీ, కొత్త కేసు, ఉద్యోగ మార్పు వస్తే వెంటనే తెలియజేయాలి. ప్రమాణం చేసే రోజు దాకా ఆ బాధ్యత మీ మీదే ఉంటుంది.