స్మిత్సన్ పతకం గురించి పిల్లలకు వెదురుప్పుతో చెప్పండి

పోయిన వేసవిలో వర్జీనియాలో మా అమ్మాయింట్లో ఉండగా మనవడు అడిగాడు: "అమ్మమ్మా, ఇక్కడి మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ వాళ్లు ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకానికి జేమ్స్ స్మిత్సన్ పేరు పెట్టారు కదా, ఆయన ఏం చేశాడు?" ముప్పై ఏళ్లు విశాఖలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. చేసి చూపిస్తే గానీ నాకు తృప్తి ఉండదు. మీ ఇంట్లోనూ ఇలా చేయవచ్చు.

ముందు వెదురుప్పు సంపాదించండి. వెదురు కణుపుల్లో గడ్డకట్టే తెల్లని పదార్థం అది. మూలికల కొట్లో వంశలోచనం అంటే ఇస్తారు. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణానికని తెచ్చుకున్న గడ్డలు నా పెట్టెలో ఉన్నాయి. పొడి పనికిరాదు, గడ్డే కావాలి. కృత్రిమంగా చేసినదీ అమ్ముతారు, అడిగి మరీ కొనండి.

గాజుగ్లాసులో నీళ్లు పోసి చిన్న ముక్క వేయండి. సన్నని బుడగలు పైకి వస్తాయి. కాసేపటికి తెల్లని ముక్క గాజులా, వెలుతురు చొరబడేలా మారుతుంది. తీసి ఆరబెడితే మళ్లీ తెలుపే. "ఎందుకిలా?" అని అడిగి ఊరుకోండి. మా వాడు రెండు రోజులు ఆలోచించాడు. దాని సన్నని రంధ్రాల్లోని గాలి పోయి నీళ్లు చేరాయని వాడే చెప్పాడు. ఆ నిమిషం నాకెంత సంతోషమో!

కథ ఇప్పుడు చెప్పండి. మన విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ వెదురుప్పును లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి పంపాడు. దాన్ని పరీక్షించి, ఇది ఇసుకలో ఉండే సిలికాయే అని 1791లో తేల్చిన కుర్రవాడే స్మిత్సన్. అప్పుడాయన పేరు మేసీ. 1829లో చనిపోయాడు. అంతకు మూడేళ్ల ముందే, ఎన్నడూ అడుగుపెట్టని అమెరికాకు తన ఆస్తి చేరేలా వీలునామా రాశాడు. జ్ఞానం పెరగాలి, పదిమందికీ చేరాలి, అదే షరతు. అలా 1846లో స్మిత్సోనియన్ సంస్థ పుట్టింది. 1965లో పతకం మొదలుపెట్టి, మొదటిది ఆ రాయల్ సొసైటీకే ఇచ్చారు! అదే ఏడాది ఆయన పుట్టి రెండు వందల ఏళ్లయిన గుర్తుగా పెట్టిన ఇంకో పతకం 2005లో స్టీఫెన్ హాకింగ్‌కు దక్కింది.

ఆ తర్వాతే వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల ప్రకృతి చరిత్ర మ్యూజియంకి తీసుకెళ్లండి. టికెట్టు లేదు. అందరూ హోప్ వజ్రం చుట్టూ మూగుతారు. మన కొల్లూరు గనులదంటారు కాబట్టి మీరూ చూడండి, 45.52 క్యారెట్లు. అక్కడే ఆగిపోకండి. ఖనిజాల గదిలో స్మిత్సోనైట్ వెతకండి, ఆయన పేరు పెట్టిన జింకు కార్బొనేటు. మా వాడు ఆ గాజుపెట్టె ముందు నిలబడి అడిగాడు: "దీన్ని నీళ్లలో వేస్తే బుడగలు వస్తాయా?" మీ పిల్లలూ అలా అడిగితే జవాబు చెప్పకండి. నోటుబుక్కు చేతికివ్వండి.