వానాకాలం మోటరు దగ్గర తడి కర్రను నమ్మకండి

మొన్న వాన వెలిసిన పొద్దున దేవరకొండ వైపు ఒక రైతు బోరు మోటరు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. స్టార్టర్ డబ్బా నుంచి ఊడి వేలాడుతున్న తీగను ఆయన చేత్తో ముట్టుకోలేదు, కర్రతోనే పక్కకు నెట్టాడు. ఆ కర్ర రాత్రంతా గట్టు మీద వానకు తడిసింది.

చేత్తో ముట్టుకోవద్దని అందరికీ తెలుసు. నేను చూసినంతలో మనుషులను తీసుకెళ్లింది "కర్రే కదా, రబ్బరే కదా" అన్న ధీమా.

ఎండిన కర్రలో ఎలక్ట్రాన్లను అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే కరెంటు పోదు. తడిస్తే నీళ్లు దాని సన్నటి రంధ్రాల్లోకి దిగుతాయి. ఆ నీళ్లలో కరిగిన ఉప్పులు కరెంటును మోస్తాయి. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు ఇలాంటి లవణాలకు కొదవ లేదు.

స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్లను ఒకసారి చూడండి. గొడుగుల్లా అంచులు ఉంటాయి. ఎంత వాన పడ్డా ఆ అంచుల కింద కొంత భాగం పొడిగానే ఉండి, నీటి దారి తెగిపోతుంది. పైన నున్నటి పూత నీళ్లను పీల్చనివ్వదు. మీ చేతిలోని కర్రకు ఆ అంచులూ లేవు, ఆ పూతా లేదు. తడి కర్రను నమ్మకండి.

సర్వీసు వైరు తొడుగు ఎండలకు పెళుసై పగులుతుంది. పగుళ్లుంటే వైరు మార్చాలి. దాని మీద టేపు చుడితే చాలదు, సందుల్లోకి నీళ్లు దిగుతాయి.

జాయింట్లకు పాలిథిన్ సంచి చుట్టి వదిలేయొద్దు.
మోటరుకూ స్టార్టర్ డబ్బాకూ ఎర్తింగ్ పెట్టించండి. వైరు తొడుగు దెబ్బతింటే డబ్బాకే కరెంటు వస్తుంది, ఎర్తింగ్ ఉంటే అది నేలలోకి పోతుంది.
తడి చేతులతో, తడి కాళ్లతో బటన్ నొక్కొద్దు.
చిల్లుపడిన చెప్పులు చెప్పులు కావు.
దండెం తీగ సర్వీసు వైరుకు తగలకూడదు.
ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మీరు వేయొద్దు, లైన్‌మన్‌ను పిలవండి. అక్కడ 11,000 వోల్టులు. ఎండు కర్ర కూడా ఆపలేదు.
తీగ తెగి పడితే దగ్గరికి పోవద్దు, పిల్లలనూ పశువులనూ పోనివ్వొద్దు. కరెంటు ఆఫీసు నంబరు 1912కు ఫోన్ చేయండి.
ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగొద్దు. తడి కర్రతో అసలే వద్దు. ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి, 108కు ఫోన్ చేయండి.