క్లాస్ ప్రతినిధిగా నేను మార్చుకున్న పద్ధతి

క్లాస్ ప్రతినిధిగా అధ్యాపకులతో కూర్చున్న మొదటి సమావేశంలో "అసైన్‌మెంట్లు దిద్ది ఇవ్వడం ఆలస్యమవుతోంది, అందరూ ఇబ్బంది పడుతున్నారు" అన్నాను. అందరూ అంటే ఎంతమంది, ఏ సబ్జెక్టులో అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. విషయం అక్కడే ఆగిపోయింది.

రెండోసారి పేరు రాయనక్కర్లేని ఫారమ్‌లో 3 ప్రశ్నలే అడిగాను. క్లాసులో నోరు విప్పనివాళ్లే ఎక్కువ రాశారు. చిక్కంతా ఒక్క సబ్జెక్టులోనే ఉంది: మొదటి అసైన్‌మెంట్‌లో తప్పులేంటో తెలియకముందే రెండోది ఇచ్చేయాల్సి వస్తోంది. ముందు ఆ సార్‌ని విడిగా కలిశాను. నలుగురిలో నిలదీయడం నాకు న్యాయం అనిపించలేదు. రెండో గడువు 10 రోజులు జరపమంటే ఒప్పుకున్నారు. సమావేశంలో దాన్ని మినిట్స్‌లో (సమావేశంలో ఏం తేలిందో రాసిపెట్టే నోట్సులో) రాయించి, ఆ సాయంత్రమే క్లాస్ గ్రూపులో పెట్టాను. లైబ్రరీ వేళలు పెంచమని కూడా అడిగాను, అది మాత్రం కుదరదన్నారు, అదీ దాచకుండా గ్రూపులో చెప్పాను.