డబ్లిన్‌లో రగ్బీ అలవాటు చేసుకోవాలంటే ముందు ఆల్ ఐర్లాండ్ లీగ్ పట్టుకోండి

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనోళ్ళు రగ్బీ అనగానే అవివా స్టేడియంలో ఐర్లాండ్ మ్యాచ్ టికెట్ కోసం వెతుకుతారు, అది దొరకదు, దొరికినా రేటు చూసి వద్దులే అనుకుంటారు, కథ అక్కడితో ఆగిపోద్ది. నా మాట విని అటు వెళ్ళకండి. శనివారం మధ్యాహ్నం మీ ఏరియాలో ఉన్న క్లబ్ గ్రౌండ్‌కి పోండి, ఐర్లాండ్ క్లబ్బుల మధ్య జరిగే జాతీయ పోటీ, అదే ఆల్ ఐర్లాండ్ లీగ్, మ్యాచ్‌లు అక్కడే ఉంటాయి. డబ్లిన్‌లోనే క్లాంటార్ఫ్, లాన్స్‌డౌన్, టెరెన్యూర్, సెయింట్ మేరీస్ ఇలా బోలెడు ఉన్నాయి. లాన్స్‌డౌన్ వాళ్ళైతే ఏకంగా అవివా వెనకున్న గ్రౌండ్‌లోనే ఆడతారు, డార్ట్ అనే లోకల్ రైలు దిగితే పక్కనే.

ముందు లెక్క అర్థం చేసుకోండి. మగవాళ్ళ లీగ్‌లో పైనుంచి కిందకి అయిదు డివిజన్లు, 1ఎ, 1బి, 2ఎ, 2బి, 2సి. ఒక్కోదాంట్లో పది జట్లు, అంటే మొత్తం యాభై క్లబ్బులు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో సొంతూళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఆడుద్ది, పద్దెనిమిది మ్యాచ్‌లు. ఆడవాళ్ళ లీగ్ వేరే ఉంది. ఇంకో సంగతి, ఇది రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్ వరకే అనుకోకండి, రగ్బీలో ద్వీపం మొత్తం ఒకటే, ఉత్తర ఐర్లాండ్ క్లబ్బులూ ఇందులోనే ఆడతాయి. 2001లో డంగానన్, 2003లో బాలిమీనా ఛాంపియన్లు, రెండూ అటువైపువే.

టేబుల్ చూసేటప్పుడు గెలుపులు మాత్రమే చూస్తే బోల్తా పడతారు. గెలిస్తే 4 పాయింట్లు, డ్రా అయితే 2. బాల్‌ని అవతలి వాళ్ళ గీత దాటించి నేలకి ఆనిస్తే అది ట్రై, నాలుగు ట్రైలు కొడితే గెలిచినా ఓడినా బోనస్ ఒకటి, ఏడు లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే ఇంకోటి. మ్యాచ్ చేజారిపోయినా ఆఖరి నిమిషంలో జట్టు అంత పిచ్చిగా పరిగెడుతుంది అందుకే, మొదట్లో ఇది నాకు అర్థమయ్యేది కాదు, మొదటి మ్యాచ్‌లో అయితే పక్కనున్న పెద్దాయన కొడుతుంటే చూసి నేనూ చప్పట్లు కొట్టా, ఆయన అవతలి జట్టు మనిషని తర్వాత తెలిసింది.

ఆట రూల్స్ అన్నీ నేర్చుకుని వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్ళరు. బాల్ చేత్తో ముందుకి పాస్ చెయ్యకూడదు, ట్రైకి 5 పాయింట్లు, ట్రై తర్వాత బాల్‌ని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నే కన్వర్షన్‌కి 2, పెనాల్టీ కిక్‌కి 3, ఇంతే చాలు. రెండు జట్లూ గుంపుగా తలపడి తోసుకునే స్క్రమ్ దగ్గర రిఫరీ ఎందుకు విజిల్ ఊదాడో అక్కడున్న సగం మందికి కూడా తెలీదు లెండి.

ఏ మ్యాచ్‌కి వెళ్ళాలి అంటే, నా ఓటు టేబుల్ అడుగు జట్లకే. 1ఎలో ఆఖర్న ఉన్నది నేరుగా 1బికి దిగిపోద్ది, తొమ్మిదోది ప్లేఆఫ్ ఆడి నిలబడాలి. ఆ మ్యాచ్‌ల్లో ఉండే టెన్షన్ పైన మూడో స్థానం కోసం ఆడేవాళ్ళలో ఉండదు. 2సిలో కిందపడితే జాతీయ లీగ్ నుంచే అవుట్, ప్రావిన్స్ లీగ్‌కి, అంటే ఆ ప్రాంతం వరకే జరిగే లీగ్‌కి పోవాలి, మళ్ళీ పైకి రావాలంటే ఎన్నేళ్ళో.

వీలైతే ఒకసారి లిమరిక్ నగరానికి వెళ్ళండి, అసలు మజా అక్కడే. లీగ్ 1990లో మొదలైతే మొదటి టైటిల్ కార్క్ నగరం క్లబ్ కార్క్ కాన్‌స్టిట్యూషన్ ఎత్తుకుపోయింది, ఆ తర్వాత 1998 దాకా కప్పు లిమరిక్ దాటలేదు. అక్కడి క్లబ్బులు గ్యారీఓవెన్, యంగ్ మన్‌స్టర్, షానన్ వాళ్ళలో వాళ్ళే పంచుకున్నారు. షానన్ అయితే వరసగా నాలుగు సార్లు, మొత్తం మీద తొమ్మిది. డబ్లిన్ క్లబ్ గెలవడానికి 2000 దాకా ఆగాల్సొచ్చింది, సెయింట్ మేరీస్ కొట్టింది. బాల్‌ని ఆకాశంలోకి లేపి దాని కింద అందరూ పరిగెత్తే కిక్‌ని గ్యారీఓవెన్ అని కూడా అంటారు, ఆ పేరు ఈ క్లబ్ నుంచి వచ్చిందే.

ఆటగాళ్ళు చాలామంది వారమంతా ఉద్యోగం, చదువు చేసుకునేవాళ్ళే, మధ్యలో ప్రావిన్స్ అకాడమీ కుర్రాళ్ళు కూడా కనిపిస్తారు, రేపు ఐర్లాండ్‌కి ఆడబోయేవాణ్ణి తాడు పక్కన నిలబడి చూడొచ్చన్నమాట. వాన కోటు, బురదకి ఆగే బూట్లు మర్చిపోవద్దు. మ్యాచ్ అవ్వగానే వెళ్ళిపోకుండా క్లబ్‌హౌస్‌లో టీ తాగుతూ కాసేపు కూర్చోండి, ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే మాట కలుపుతారు. ఇక ఏప్రిల్, మే నాటికి 1ఎలో మొదటి నాలుగు జట్లు సెమీస్ ఆడితే, గెలిచిన రెండూ ఫైనల్‌కి అవివా చేరతాయి, అప్పుడు అదే స్టేడియంలోకి మీ క్లబ్ స్కార్ఫ్ వేసుకుని వెళ్ళొచ్చు.