ఇల్లినాయ్‌లో ఇల్లు కొనేటప్పుడు రేడాన్ డిస్‌క్లోజర్ ఫారం: ఎవరు ఏం నింపాలి, ఎక్కడ ఆగి చదవాలి

నేపర్‌విల్, అరోరా వైపు ఇల్లు కొంటున్న మనవాళ్లకి ఏజెంట్ పంపే ఈ-సైన్ కాగితాల కట్టలో ‘డిస్‌క్లోజర్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఆన్ రేడాన్ హజార్డ్స్’ అని ఒక ఫారం ఉంటుంది. చాలామంది పసుపు గుర్తు కనిపించిన చోటల్లా నొక్కుకుంటూ పోతారు. ఈ ఒక్క పేజీ దగ్గర మాత్రం కాస్త ఆగండి.

రేడాన్ అంటే నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే వాయువు. రంగు, వాసన ఉండవు. బేస్‌మెంట్ పగుళ్లలోంచి, నేలకింది నీరు చేరే సంప్ గుంటలోంచి ఇంట్లోకి వస్తుంది. సిగరెట్ ముట్టనివాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇదే మొదటి కారణమని ఫారంలోనే రాసి ఉంటుంది.

ఇల్లినాయ్‌లో రేడాన్ అవేర్‌నెస్ యాక్ట్ 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి నాలుగు యూనిట్లున్న నివాస భవనాలకు వర్తిస్తుంది. నేలమట్టం నుంచి లెక్కేస్తే మూడో అంతస్తు, ఆపైన ఉన్న కాండోలకు మినహాయింపు. ఫోర్‌క్లోజర్ (అప్పు కట్టక ఇల్లు పోవడం), కోర్టు ఉత్తర్వు, విడాకుల పంపకం ద్వారా చేతులు మారే ఇళ్లకూ అంతే.

ఈ ఫారానికి ఫీజు లేదు, ఏ ఆఫీసులోనూ ఇవ్వక్కర్లేదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఏజెంట్లు సంతకాలు చేస్తే కాంట్రాక్టు కాగితాలతో పాటు ఉంటుంది. దీంతోపాటు రాష్ట్ర ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఏజెన్సీ ఆమోదించిన రేడాన్ కరపత్రం కూడా మీకు అందాలి. రెండూ మీరు కాంట్రాక్టుకు కట్టుబడకముందే రావాలి. ఆఫర్ పెట్టాక వస్తే, అమ్మేవాళ్లు దాన్ని ఒప్పుకునేలోపే ఇవి ఇచ్చి, చదివి ఆఫర్ మార్చుకునే అవకాశం మీకివ్వాలి.

ఇక గళ్లు. అమ్మేవాళ్లు ఇనిషియల్స్ వేయాల్సినవి నాలుగు. రేడాన్ ఎక్కువున్నట్టు తెలిస్తే ‘ఎ’. దానికి సంబంధించిన తాజా రికార్డులు, రిపోర్టులు ఇచ్చామంటే ‘బి’. ఎక్కువున్నట్టు తెలియదు, లేదా ఇదివరకు ఉంటే తగ్గించారు అంటే ‘సి’. అలాంటి రిపోర్టులేవీ తమ దగ్గర లేవంటే ‘డి’.

‘సి’లో ఆ ‘లేదా’ని గమనించారా? అసలు టెస్టే చేయించనివాళ్లు, రేడాన్‌ని బయటికి లాగే ఫ్యాన్ పెట్టించి తగ్గించుకున్నవాళ్లు, ఇద్దరూ వేసేది ఒకే గడిలో. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బేస్‌మెంట్ నుంచి పైకప్పు దాకా తెల్ల పీవీసీ గొట్టం, దానికో ఫ్యాన్ ఉన్నాయేమో చూడండి. అవి ఉండీ ఫారంలో ‘సి’, ‘డి’ మాత్రమే కనిపిస్తే, ఫ్యాన్ ఎందుకు పెట్టించారో, పాత రిపోర్టులు ఏమయ్యాయో ఏజెంట్ ద్వారా రాతపూర్వకంగా అడిగించండి. నోటిమాట సరిపోదు.

మీరు వేసేవి ‘ఇ’, ‘ఎఫ్’: పై కాగితాలు అందాయి, కరపత్రం అందింది అని. నిజంగా అందాకే వేయండి. ‘జి’ ఏజెంట్‌ది. కింద అందరి సంతకాలు, తేదీలు.

అసలు విషయం ఏమిటంటే, ఈ చట్టం ఎవర్నీ టెస్ట్ చేయించమనదు, తగ్గించి ఇమ్మనీ అనదు. తెలిసింది చెప్పమంటుంది, అంతే. టెస్ట్ బాధ్యత మీదే. చికాగో చుట్టుపక్కల వాడే చాలా కాంట్రాక్టుల్లో ఇన్‌స్పెక్షన్ గడువు 5 పనిదినాలే. టెస్ట్‌కు కనీసం 48 గంటలు పడుతుంది, దానికి 12 గంటల ముందు నుంచే కిటికీలు, బయటి తలుపులు మూసి ఉంచాలి. కాబట్టి ఆఫర్ ఒప్పుకున్న రోజే రాష్ట్ర లైసెన్సున్న టెస్టర్‌ని బుక్ చేసుకోండి. ఇంట్లో ఇంకా అమ్మేవాళ్లే ఉంటారు కాబట్టి ఈ షరతులు వాళ్లకి ముందే చెప్పించండి. పోపు ఘాటు పోవాలని ఎవరో కిటికీ తెరిచి పెడితే ఆ రీడింగ్‌ను నమ్మలేం.

టెస్ట్‌లో లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడాన్‌ని కొలిచే యూనిట్) లేదా అంతకు మించి వస్తే టెన్షన్ పడి ఇల్లు వదులుకోనక్కర్లేదు. లైసెన్సున్న మిటిగేషన్ (రేడాన్ తగ్గించే) కాంట్రాక్టర్ గొట్టం, ఫ్యాన్ పెడితే తగ్గుతుంది. ఆ ఖర్చు అమ్మేవాళ్లు పెట్టుకోవాలనో, ధరలో తగ్గించాలనో గడువు దాటకముందే మీ లాయర్ చేత అడిగించండి.

కొత్త ఇల్లయితే బిల్డర్లు “రేడాన్ పైపు ఉందండీ” అంటారు. 2013 జూన్ నుంచి ఇల్లినాయ్‌లో కట్టే కొత్త ఇళ్లకు అది తప్పనిసరి. కానీ అది ఫ్యాన్ లేని గొట్టం. ఇంట్లో దిగాక టెస్ట్ చేయించి, 4 లేదా అంతకు మించి వస్తే దానికే ఫ్యాన్ బిగించుకోవచ్చు.