ఇద్దరు వెళ్తుంటే డార్మ్ బెడ్ల కంటే ఫ్యాన్ రూమే మేలు
చియాంగ్ మాయ్ (థాయ్‌లాండ్), హనోయ్ (వియత్నాం), పెనాంగ్ (మలేషియా) లాంటి చోట్లకి జంటగా బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్తుంటే హాస్టల్ డార్మ్‌లో (చాలామంది కలిసి పడుకునే గదిలో) రెండు బెడ్లు బుక్ చేసే ముందు దగ్గర్లో ఉన్న గెస్ట్‌హౌస్‌లో ఫ్యాన్ రూమ్ (ఏసీ లేకుండా ఫ్యాన్ మాత్రమే ఉన్న గది) రేటు కూడా చూడండి. డార్మ్‌లో మనిషికింత అని తీసుకుంటారు, గెస్ట్‌హౌస్‌లో గదికింత అంటారు, కాబట్టి ఇద్దరికీ కలిపి లెక్కేస్తే చాలాసార్లు దాదాపు సమానమే అవుతుంది, పైగా తలుపేసుకుని ఉతికిన బట్టలు ఆరేసుకోవచ్చు (ఇదేం చిన్న సుఖం కాదు). చియాంగ్ మాయ్‌లో డిసెంబరు, జనవరి రాత్రిళ్లు చల్లగానే ఉంటుంది, ఏసీకి డబ్బులు దండగ.

థాయ్‌లాండ్ ఏటీఎంలలో మన కార్డు పెట్టిన ప్రతిసారీ 220 బాత్‌ల దాకా, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే కోస్తారు. చెరో కార్డుతో కొంచెం కొంచెం తీయకుండా ఒకరి కార్డుతోనే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. రూపాయల్లోకి మార్చి చూపించమంటారా అని మెషిన్ అడిగితే వద్దనే నొక్కండి, ఆ రేటు దారుణంగా ఉంటుంది.