సేవారంగం కోసం పీజీ: సోషియాలజీ, సోషల్ వర్క్ ఎలా చదవాలి?

సేవాసంస్థల్లోనో, ప్రభుత్వ సంక్షేమ శాఖల్లోనో పనిచేయాలనుకునే డిగ్రీ విద్యార్థికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎం.ఏ. సోషియాలజీలో కులం, కుటుంబం, వర్గం, వలస వంటివి మనుషుల బతుకులను ఎలా నిర్ణయిస్తున్నాయో చదువుతారు. ఎం.ఎస్.డబ్ల్యూ.లో, అంటే సోషల్ వర్క్ పీజీలో, వ్యక్తులతో, బృందాలతో, ఊళ్లతో పనిచేసే పద్ధతులతో పాటు సంక్షేమ సంస్థల నిర్వహణ కూడా ఉంటుంది. వీటిలో దేనిలో చేరినా రెండో దాని పాఠాలను సొంతంగానైనా చదవవలసిందేనని నా గట్టి అభిప్రాయం. ఎందుకో ఫీల్డ్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

1. ప్రవేశ పరీక్షకు సిద్ధం కావడం

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, 1936లో ముంబయిలో మొదలై హైదరాబాద్‌లోనూ ప్రాంగణం నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లోనూ చేరడానికి సీయూఈటీ పీజీ రాయాలి. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లోని వాటికి ఏపీ పీజీసెట్ ఉన్నాయి. సీయూఈటీలో సరైన జవాబుకు 4 మార్కులు వస్తే, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది కాబట్టి ఊహించి రాయడం మంచిది కాదు. డిగ్రీలో సోషియాలజీ చదవనివారు ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సోషియాలజీ పుస్తకాలతో మొదలుపెడితే పునాది త్వరగా పడుతుంది.

2. సిద్ధాంతాన్ని మన ఊరితో కలిపి చదవడం

సోషియాలజీకి పునాది వేసిన మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌ల నిర్వచనాలను పరీక్ష కోసం బట్టీ పడితే ఆ సెమిస్టర్‌తోనే మరచిపోతాం. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే, తన బృందంతో హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను సమగ్రంగా అధ్యయనం చేశారు. ఆనాటి వివరాలను చదివి, నేడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కకు చేరిన ఆ ఊళ్లో భూమి, వృత్తులు, పెళ్లి సంబంధాలు ఎలా మారాయని ప్రశ్నించుకుంటే సామాజిక మార్పు అనే పాఠం కళ్లముందే కనిపిస్తుంది. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణను (కింది కులాలవారు హోదా కోసం పై కులాల ఆచారాలను అనుసరించడాన్ని) కూడా ఇలాగే మీ ఊరి ఆచారాల్లో వెతికి, సరిపోలని చోట ఎందుకు సరిపోలడం లేదో రాసుకోండి.

3. ఫీల్డ్‌వర్క్‌ను శ్రద్ధగా చేయడం

చదువంతటికీ ఆయువుపట్టు ఇదే. ఎం.ఎస్.డబ్ల్యూ.లో సాధారణంగా వారానికి రెండు రోజులు ఏదో ఒక సంస్థకు వెళ్లి పనిచేయాలి. సోషియాలజీ విద్యార్థులు ఇలాంటి అవకాశాన్ని తామే కల్పించుకోవాలి. రోజువారీ డైరీలో చూసినదాన్ని, విన్నదాన్ని, మీ అభిప్రాయాన్ని వేర్వేరుగా రాయండి. ఈ మూడూ కలిసిపోతే, తరువాత ఏది ఆధారమో ఏది ఊహో మీకే తెలియదు.

ఉదాహరణకు ఒక పొదుపు సంఘం సమావేశానికి వెళ్లారనుకుందాం. తీర్మానాల పుస్తకంలో ‘సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని ఉంటుంది. మీరు మాత్రం ఎవరు మాట్లాడారు, ఎవరు గుమ్మం దగ్గరే కూర్చున్నారు, ఎవరి కిస్తీ ఎవరి చేత పంపారు, సంఘాల లెక్కలు రాసే గ్రామస్థాయి సహాయకురాలు (వీవోఏ) పుస్తకం రాస్తున్నప్పుడు ఎవరివైపు చూసి రాశారు అన్నది గమనించాలి. సమావేశం ఉదయం 11 గంటలకు పెడితే ఉపాధి హామీ పనికి వెళ్లిన మహిళలు రాలేరు. వేళ నిర్ణయించడం నిర్వహణకు సంబంధించిన చిన్న విషయంలాగే కనిపిస్తుంది గానీ, ప్రతి నెలా అదే వేళకు పెడితే కూలికి వెళ్లే కుటుంబాలవారికి అప్పు ఎవరికివ్వాలనే నిర్ణయంలో మాటే లేకుండా పోతుంది. దాన్ని గుర్తించే చూపు సోషియాలజీ ఇస్తుంది, వేళ మార్పించే నేర్పు సోషల్ వర్క్ ఇస్తుంది.

4. చట్టాలు, లెక్కలు నేర్చుకోవడం

ఈ భాగాన్ని చాలామంది విద్యార్థులు పొడిపొడిగా ఉందని దాటవేస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే దాని అవసరం పడుతుంది. సొసైటీల నమోదుకు సంబంధించిన 2001 నాటి చట్టం, విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి చట్టం, కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ తప్పక చదవాలి. ఈ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయికి చేరిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పనులకు వెచ్చించాలి. ఏదైనా సంస్థ వార్షిక నివేదికను, ఆడిట్ లెక్కలను పక్కపక్కన పెట్టుకుని, చెప్పిన పనికీ పెట్టిన ఖర్చుకీ పొంతన ఉందో లేదో చూడటం మంచి అభ్యాసం. వీలైతే ఉపాధి హామీ సామాజిక తనిఖీకి కూడా హాజరుకండి. మస్టర్‌లోని (కూలీల హాజరు పట్టీలోని) పేర్లను, పనిదినాలను కూలీలు చెప్పినదానితో సరిచూసి, తేలిన తేడాలను ప్రజల ముందు చదివి వినిపించే ఆ ప్రక్రియ జవాబుదారీతనం గురించి ఎన్నో ఉపన్యాసాల కంటే ఎక్కువ నేర్పుతుంది.

5. డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాయడం

‘తెలంగాణలో మహిళా సాధికారత’ వంటి విశాలమైన అంశం రెండేళ్ల పీజీలో తెమలదు. ఒక మండలంలోనో, ఒక బస్తీలోనో, ఒకే ప్రశ్నకు జవాబు వెతకండి. ఇంటర్వ్యూకు ముందు అనుమతి తీసుకుని, పేర్లు మార్చి, వారు అన్న మాటలను తెలుగులోనే ఉన్నదున్నట్టు ఎక్కించుకున్న తరువాతే ఇంగ్లీషులోకి మార్చండి. అక్కడికక్కడే ఇంగ్లీషులో రాసుకుంటే వారి మాటల్లోని సగం అర్థం జారిపోతుంది.

బోధనవైపు వెళ్లదలచినవారు చివరి సంవత్సరంలోనే యూజీసీ నెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. శిశు సంరక్షణ, ఆసుపత్రులు, సీఎస్‌ఆర్ విభాగాలతో పాటు, పెద్ద ఫ్యాక్టరీల్లో నియమించవలసిన సంక్షేమాధికారి పోస్టులనూ పరిశీలించండి. ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాలతో పాటు ఫీల్డ్‌వర్క్ రికార్డును, మీరు సొంతంగా తయారుచేసిన ఒక ప్రాజెక్టు బడ్జెట్‌ను కూడా వెంట తీసుకువెళ్లండి.